అక్కడ కొట్టి ఇక్కడ నాటితే లెక్క సరిపోదు

2019 ఆగస్టులో అమెజాన్ అడవులు తగలబడుతున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగినప్పుడు వాటితోపాటు ఒక మాట కూడా తిరిగింది. మనం పీల్చే ప్రాణవాయువులో 20 శాతం ఆ అడవే ఇస్తోందని దేశాధినేతలు సైతం అన్నారు. మన టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో అది ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. ఆ మాట నిజం కాదు. పగటిపూట ఆకులు వదిలే ఆక్సిజన్‌లో సగానికి పైగా ఆ చెట్లే తమ శ్వాసకు వాడుకుంటాయి; మిగిలినదాన్ని నేలరాలిన ఆకులనూ కొమ్మలనూ కుళ్లబెట్టే శిలీంధ్రాలూ సూక్ష్మజీవులూ దాదాపు పూర్తిగా ఖర్చుచేస్తాయి. వాతావరణంలో ఉన్న ఆక్సిజన్ కోట్ల సంవత్సరాలుగా పోగుపడినది. రేపు అమెజాన్ మొత్తం మాయమైనా ఊపిరాడక ఎవరూ చనిపోరు.

అడవి విలువ తగ్గించాలని ఈ సంగతి చెప్పడం లేదు. ఒకదాన్ని ఎందుకు కాపాడుకోవాలో సరిగ్గా తెలియకపోతే, దాని బదులు మరేదో చూపించి సరిపెట్టేవాళ్ల మాట మనకు సబబుగానే తోస్తుంది. ఆక్సిజన్ కోసమే అడవి అనుకుంటే ఎక్కడ ఏ చెట్టు నాటినా ఒకటే. కార్బన్ కోసమే అనుకున్నా అంతే, ఇక్కడ పోయిన టన్నులకు ఇంకోచోట టన్నులు జమచేస్తే చాలు. ప్రభుత్వాలూ కంపెనీలూ ఈ రోజు పాటిస్తున్న పద్ధతి సరిగ్గా ఇదే. దీన్ని ఎందుకు ఒప్పుకోకూడదో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. ఉష్ణమండల వర్షారణ్యం భూమి వాతావరణానికి చేసే పనుల్లో మనం అతి తక్కువగా మాట్లాడుకునేది నీటి పని. తాను బతకడానికి కావలసిన వానలో పెద్ద భాగాన్ని ఆ అడవి తానే తయారు చేసుకుంటుంది. ఆ పని పాత అడవి విస్తారంగా, ఎడతెగకుండా నిలబడి ఉన్నచోటే జరుగుతుంది. ఆ వాన ఆగిపోతే కార్బన్ లెక్క కూడా దానితోపాటే తారుమారవుతుంది.

కార్బన్ సంగతి అందరికీ కొంత తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. అమెజాన్ అడవి సుమారు 55 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశానికి ఒకటిన్నర రెట్లకు మించిన విస్తీర్ణం. దాని చెట్లలోనూ నేలలోనూ నిలవున్న కార్బన్ 15,000 కోట్ల నుంచి 20,000 కోట్ల టన్నుల మధ్య ఉంటుందని అంచనా. ప్రపంచమంతా కలిసి బొగ్గు, చమురు, గ్యాసు కాల్చి ఏటా గాలిలోకి వదిలే కార్బన్ దాదాపు 1,000 కోట్ల టన్నులు. అంటే మనం పదిహేను ఇరవై ఏళ్లలో కాల్చేదంత ఆ ఒక్క అడవిలో దాగి ఉందన్నమాట. అది చాలదన్నట్టు, మనం వదిలిన దాంట్లో కొంత భాగాన్ని వర్షారణ్యాలు ఏటా పీల్చుకుంటూ వచ్చాయి. అయితే ఆ పీల్చుకునే శక్తి తగ్గిపోతోంది. ఆఫ్రికా, అమెజాన్ అడవుల్లో దశాబ్దాలపాటు ఒక్కొక్క చెట్టు చుట్టుకొలతా కొలిచి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మనిషి చేయి పడని ఉష్ణమండల అడవులు 1990లలో సుమారు 4,600 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటే, 2010లలో తీసుకున్నది సుమారు 2,500 కోట్ల టన్నులే. గొడ్డలి తగలని అడవే ఇలా అలసిపోవడానికి కారణం వేడి, కరువు. అంటే మళ్లీ నీటి దగ్గరికే వస్తున్నాం.

1970లలో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటి, ఆయన సహచరులు అమెజాన్ పరీవాహకంలో తూర్పు నుంచి పడమర దాకా వాన నీళ్లు పట్టి పరీక్షించారు. ఆక్సిజన్ పరమాణువుల్లో మామూలువాటితోపాటు కొద్దిగా బరువైనవీ ఉంటాయి. సముద్రం మీద నుంచి వచ్చిన మేఘం లోపలికి ప్రయాణిస్తూ కురుస్తున్నకొద్దీ బరువైన ఆక్సిజన్ ఉన్న నీరు ముందుగా రాలిపోతుంది. దూరం వెళ్లేకొద్దీ వాన నీటిలో అది తగ్గిపోతూ ఉండాలి. అమెజాన్‌లో అది తగ్గవలసినంతగా తగ్గలేదు. కురిసిన నీరు మళ్లీ పైకి లేచి మేఘంలో కలుస్తోందని దాని అర్థం. ఆ పరీవాహకంలో కురిసే వానలో దాదాపు సగం, అడవి తిరిగి ఆవిరిగా పంపిన నీరేనని వాళ్లు తేల్చారు. అంతకుముందు వాతావరణ శాస్త్రం అడవిని వాన మీద ఆధారపడిన దానిగానే చూసింది. వానకు అడవి కారణం కావచ్చునని అంత గట్టి సాక్ష్యంతో చూపినది ఈ పనే.

అది ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. పెద్ద చెట్టు వేళ్లు తూర్పు అమెజాన్‌లో 8 మీటర్ల కంటే లోతుకు కూడా దిగుతాయని తవ్వి చూసినవాళ్లు రాశారు. ఎండాకాలంలో పైనేల బీటలువారినా, ముందటి వర్షాకాలంలో లోతుకు ఇంకిన నీటిని ఆ వేళ్లు తోడుతూనే ఉంటాయి. ఆ నీరు కాండం గుండా పైకి ఎక్కి, ఆకుల అడుగున కంటికి కనబడని రంధ్రాల గుండా ఆవిరై పోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని తీసుకుపోతుంది కనుక అడవి చల్లబడుతుంది. అదే ఆకుల నుంచి ఐసోప్రీన్, టెర్పీన్ వంటి వాయువులు కూడా వెలువడి, గాలిలో మార్పు చెంది, అతి సూక్ష్మమైన రేణువులుగా మారతాయి. నీటి ఆవిరి ఆ రేణువులను పట్టుకునే మేఘంగా కడుతుంది. అంటే మేఘానికి కావలసిన తేమనూ, ఆ తేమ పేరుకోవడానికి కావలసిన పీఠాన్నీ ఒకే ఆకు ఇస్తోంది. దక్షిణ అమెజాన్‌లో వర్షాకాలం, సముద్రపు గాలులు దిశ మార్చుకుని రావడానికి రెండు మూడు నెలల ముందే మొదలవుతుంది. అదెలా సాధ్యమన్నది చాలాకాలం అంతుపట్టలేదు. ఎండాకాలం చివర్లో కొత్త చిగుళ్లు వేసిన అడవి పంపే ఆవిరే ఆ తొలి మేఘాలను కడుతోందని 2017లో ఉపగ్రహ పరిశీలనల ఆధారంగా నిర్ధారించారు. నాకు ఇది చదివినప్పుడు కలిగిన విస్మయం ఇంకా తగ్గలేదు. ఋతువు వచ్చేదాకా వేచి ఉండకుండా, ఆ అడవే దాన్ని ముందుగా పిలుచుకుంటోంది.

ఈ ఆవిరి ఒకచోట నిలవదు. అట్లాంటిక్ నుంచి వీచే తూర్పు గాలులు దాన్ని పడమరకు తోసుకుపోతాయి. దారిలో అది కురుస్తుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ కురుస్తుంది. కాకతీయుల కాలంలో కట్టిన గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. పై చెరువు నిండి అలుగు పారితేనే కింది చెరువుకు నీరు. పై గట్టు తెగితే కింది ఆయకట్టంతా ఎండుతుంది. అమెజాన్‌లో అట్లాంటిక్ వైపున్న తూర్పు అడవి పై చెరువు, ఆండీస్ కొండల పాదాల దగ్గరున్న పెరూ, బొలీవియా అడవులు కింది చెరువులు. ఆండీస్ గోడకు తగిలిన ఆవిరి దక్షిణానికి మళ్లి పరాగ్వే, దక్షిణ బ్రెజిల్, ఉత్తర అర్జెంటీనా పొలాల మీద కురుస్తుంది. ఆ దేశాల్లో వీటిని ఎగిరే నదులని పిలుస్తారు. రోజుకు అమెజాన్ నది సముద్రంలో కలిపే నీరు 1,700 కోట్ల టన్నులైతే, అడవి గాలిలోకి పంపేది 2,000 కోట్ల టన్నుల దాకా ఉంటుందని లెక్కగట్టారు.

ఇప్పుడు ఆ గొలుసులో పై గట్టు ఎలా ఉందో చూద్దాం. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ శాస్త్రవేత్త లూసియానా గాత్తి బృందం 2010 నుంచి 2018 దాకా తొమ్మిదేళ్లపాటు చేసిన పనిని నేను ఎప్పుడూ తలచుకుంటాను. అడవి మీద నాలుగు చోట్ల చిన్న విమానం నాలుగు కిలోమీటర్లకు పైబడిన ఎత్తుకు ఎక్కి, గుండ్రంగా తిరుగుతూ చెట్ల తలలకు వీలైనంత దగ్గరగా, సుమారు 300 మీటర్ల ఎత్తు దాకా దిగుతుంది. దిగుతూ ఒక్కో ఎత్తులో ఒక్కో గాజు సీసాలోకి గాలి నింపుతారు. ఆ సీసాలను ప్రయోగశాలకు తెచ్చి అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి, సముద్రం మీద నుంచి వచ్చిన గాలితో పోలుస్తారు. తేడా ఎంతో, అడవి పీల్చిందో వదిలిందో అక్కడ తేలుతుంది. దాదాపు 600 సార్లు ఇలా చేసి 2021లో ఫలితం ప్రచురించారు. ఆగ్నేయ అమెజాన్ ఇప్పుడు పీల్చేదానికంటే వదిలేదే ఎక్కువని అందులో తేలింది. అక్కడ నాలుగో వంతుకు పైగా అడవి అప్పటికే పోయింది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ కురిసే వాన నాలుగు దశాబ్దాల్లో దాదాపు నాలుగో వంతు తగ్గింది. అవే నెలల ఉష్ణోగ్రత సుమారు 2.5 డిగ్రీలు పెరిగింది. అదే కాలంలో భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ కూడా పెరగలేదు. అడవి పెద్దగా చెక్కుచెదరని పడమటి వైపు మాత్రం రాబడీ పోకడా ఇంచుమించు సరితూగుతున్నాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. తూర్పున వెలువడుతున్న కార్బన్ అంతా నరికిన చెట్లది కాదు. కొంత మంటలది, కొంత, నరకకుండా మిగిల్చిన అడవిదే. పక్కనున్న అడవి పోయి వాన తగ్గడంతో ఆ మిగిలిన చెట్లు ఎదుగుదల ఆపి ఎండుతున్నాయి. వంద ఎకరాలు కొట్టి వంద ఎకరాలు మాత్రమే కోల్పోయామనుకోవడం అందుకే పొరపాటు. కార్లోస్ నోబ్రే, థామస్ లవ్‌జాయ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2018లో, మొత్తం అమెజాన్‌లో 20 నుంచి 25 శాతం అడవి పోతే తూర్పు, దక్షిణ, మధ్య భాగాలు తమ వానను తాము నిలుపుకోలేక చెట్లు పలచబడిన గడ్డిమైదానాలుగా మారిపోవచ్చని హెచ్చరించారు. ఇప్పటికి పోయింది సుమారు 17 శాతం. ఆ హద్దు సరిగ్గా ఏ అంకె దగ్గర ఉందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలున్నాయి, ఉండాలి కూడా. కానీ 2005, 2010, 2015-16, 2023, 2024 అంటూ నూరేళ్లకు ఒకసారి రావలసిన కరువులు ఇరవై ఏళ్లలో ఇన్నిసార్లు వచ్చాయంటే అంకె కోసం ఎదురు చూడవలసిన పనిలేదు. అమెజాన్ నడుమనున్న మనౌస్ నగరపు రేవులో రియో నీగ్రో నది మట్టాన్ని 1902 నుంచి నమోదు చేస్తున్నారు. 2023 అక్టోబరులో అది 12.70 మీటర్లకు పడిపోయి ఆ రికార్డులోనే అతి తక్కువగా నిలిచింది. ఏడాది తిరగకుండానే 2024లో అంతకంటే కిందికి దిగింది. 2023లో తెఫె సరస్సు నీళ్లు దాదాపు 40 డిగ్రీలకు వేడెక్కి 150కి పైగా నది డాల్ఫిన్లు చచ్చి తేలాయి. పడవలే బస్సులైన ఆ ప్రాంతంలో వందల ఊళ్లకు బియ్యం, మందులు, తాగునీరు అందలేదు.

ఇక మొక్కల సంగతికి వస్తాను. మొక్కలు నాటడం నాకు ఇష్టమైన పని. మా ఊరి చెరువు గట్టు మీద నాటిన కానుగ, నేరేడు మొక్కలకు వేసవిలో బిందెలతో నీళ్లు పోసినవాళ్లలో నేనూ ఉన్నాను; అవి ఈ రోజు పశువులకూ మనుషులకూ నీడనిస్తున్నాయి. ఊరికి నీడ కావాలి, పట్టణానికి చెట్టు కావాలి. కానీ అది ఒక పని, అడవిని నిలబెట్టడం మరో పని. మొదటిది చేశామని రెండోది మానెయ్యడానికి వీలు కల్పించే చట్టబద్ధమైన ఏర్పాటు మన దేశంలో ఉంది. దాని పేరు ప్రత్యామ్నాయ అటవీకరణ. అడవిని మరో అవసరానికి మళ్లించినప్పుడు వేరొకచోట మొక్కలు నాటి, అందుకు డబ్బు జమచేస్తే లెక్క సరిపోయినట్టే.

దీని అసలు రూపం గ్రేట్ నికోబార్‌లో కనబడుతుంది. ఉష్ణమండల వర్షారణ్యం కోసం బ్రెజిల్ దాకా పోనక్కర్లేదు. ఆ ద్వీపం దాదాపు మొత్తం అటువంటి అడవే; అందులో షోంపెన్ ఆదివాసులు ఉంటారు, గలతియా తీరానికి భారీ సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్కడ ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం కట్టడానికి 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని మళ్లించేందుకు 2022లో తొలి దశ అనుమతి ఇచ్చారు. తొలగించవలసిన చెట్లు 9.64 లక్షలని ప్రభుత్వమే చెప్పింది. వీటికి బదులుగా మొక్కలు పెంచేది దాదాపు 3,000 కిలోమీటర్ల అవతల హర్యానాలో. హర్యానాకు పచ్చదనం అవసరమే. దేశంలో అడవి అతి తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అదొకటి. కానీ నికోబార్ మేఘానికి తేమనిచ్చిన చెట్టు బదులు ఆరావళి పొడినేలలో ఒక మొక్క నాటితే, నికోబార్ మేఘానికి ఏమి అందుతుంది? ఆ ద్వీపపు నేలను కోతపడకుండా పట్టి ఉంచేది ఏది? దీన్ని పరిహారమని పిలవడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోలేను. రక్షణ అవసరాలు, వాణిజ్య అవసరాలు ఉన్నాయని వాదించేవారు ఆ వాదన నేరుగా చేయవచ్చు. దాని మీద దేశం చర్చించవచ్చు. అడవి నష్టం భర్తీ అయిందని మాత్రం అనకూడదు, ఎందుకంటే అది కాలేదు.

నరికిన అడవి మళ్లీ పెరగదా అని అడిగేవారున్నారు. పెరుగుతుంది. లాటిన్ అమెరికాలో వదిలేసిన పొలాల్లో సహజంగా మొలిచిన అడవులను పరిశీలించినప్పుడు, అవి సుమారు 66 ఏళ్లలో పాత అడవి బరువులో 90 శాతానికి చేరుకుంటున్నాయని తేలింది. ఇది సంతోషించవలసిన విషయం. అయితే అక్కడ విత్తనం వచ్చింది పక్కన మిగిలి ఉన్న పాత అడవి నుంచి. తెచ్చింది అందులోని పక్షులు, గబ్బిలాలు, కోతులు. వరసలు కట్టి నాటిన యూకలిప్టస్‌కు అటువంటి వారసత్వం లేదు, పదేళ్లు తిరక్కముందే అది కాగితం మిల్లుకు పోతుంది.

ఇంకో ప్రశ్న ఇంతకంటే బరువైనది. ఐరోపా, అమెరికా తమ అడవులు తాము కొట్టుకుని, బొగ్గు కాల్చుకుని ధనికదేశాలయ్యాక, బ్రెజిల్, ఇండోనేషియా, కాంగో మాత్రం అడవిని కాపలా కాస్తూ పేదరికంలో ఉండాలా? ఈ ప్రశ్నలో న్యాయముంది. బ్రెజిల్ అమెజాన్‌లోనే రెండున్నర కోట్ల మందికి పైగా బతుకుతున్నారు. కానీ అడవి కొడితేనే బతుకు బాగుపడుతుందన్నదాన్ని బ్రెజిల్ అనుభవమే కాదంది. 2004లో అక్కడ ఏడాదికి 27,700 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది. మరీనా సిల్వా పర్యావరణ మంత్రిగా ఉన్న ఆ కాలంలో ఉపగ్రహాల ద్వారా ఎప్పటికప్పుడు నరికివేత గుర్తించడం, అక్రమంగా కొట్టినవారి మీద దాడులు, ఆదివాసీ భూములకూ రక్షిత ప్రాంతాలకూ హద్దులు గీయడం, ఆ తర్వాత అక్రమ కమతాలకు బ్యాంకు రుణాలు ఆపడం, కొత్తగా కొట్టిన నేలలో పండిన సోయాను కొనబోమని వ్యాపారులు ఒప్పందం చేసుకోవడం వరసగా జరిగాయి. 2012 నాటికి నరికివేత సుమారు 4,600 చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఆ ఎనిమిదేళ్లలో బ్రెజిల్ సోయా పంటా, గొడ్డు మాంసం ఉత్పత్తీ తగ్గలేదు, పెరిగాయి. తర్వాత ప్రభుత్వం పట్టు సడలించింది. 2021లో నరికివేత మళ్లీ 13,000 దాటింది. మళ్లీ పట్టు బిగించాక 2024లో సుమారు 6,300కు వచ్చింది. కొట్టిన నేలలో అత్యధిక భాగం ఎకరానికి ఒక పశువు కూడా సరిగా మేయని పచ్చిక బయలుగా పడి ఉంది. దాని లాభం పేదవాడికి చేరలేదు. బ్రెజిల్‌లోనే మూడు దశాబ్దాల్లో ఆదివాసీ భూముల్లో పోయిన సహజ వృక్షసంపద 1 శాతం పైచిలుకు. ప్రైవేటు భూముల్లో పోయింది దాదాపు 20 శాతం.

మన వంటిళ్లకు ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది. ప్రపంచంలో పామాయిల్ అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం మనది. ఏడాదిని బట్టి 75 లక్షల నుంచి కోటి టన్నుల దాకా తెచ్చుకుంటాం, ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే. బజ్జీల బండి మూకుడు నుంచి బిస్కెట్ పొట్లం దాకా, ఒంటి సబ్బు దాకా అదే. ఇండోనేషియాలో తోటల కోసం పోయిన అడవుల్లో పీట్ నేలల మీదివి చాలా ఉన్నాయి. పీట్ అంటే వేల ఏళ్లుగా నీటిలో మునిగి పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న ఆకు, వేరు. కొన్నిచోట్ల పది మీటర్ల మందాన ఉంటుంది. కాలువలు తవ్వి నీరు తోడేస్తే అది ఎండి, నిప్పు తగిలితే నెలల తరబడి నేల లోపలే రగులుతుంది. ఇండోనేషియాలోని కాలిమంతాన్ ప్రాంతంలో వరి పండించాలని 1990ల మధ్యలో సుహార్తో ప్రభుత్వం పది లక్షల హెక్టార్ల పీట్ అడవిలో వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. వరి పండలేదు. 1997లో ఎల్ నినో కరువు వచ్చి, ఇండోనేషియా పీట్ నేలలూ అడవులూ కాలి, ఆ ఏడాది ప్రపంచపు ఇంధన ఉద్గారాల్లో 13 నుంచి 40 శాతానికి సమానమైన కార్బన్ గాలిలో కలిసిందని అంచనా.

గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో గెలలు కోస్తున్న పామాయిల్ రైతును ఇందుకు తప్పుపట్టడం అన్యాయం. ఆ తోటలు ఎక్కువగా అంతకుముందు వరో చెరకో కొబ్బరో పండిన సేద్యపు భూముల్లో వచ్చాయి. బోరు నీటి భారం అనే వేరే సమస్య ఉంది గాని వర్షారణ్యం కొట్టిన పాపం వాటికి లేదు. నన్ను కలవరపెట్టేది వేరు. 2021లో 11,040 కోట్ల రూపాయలతో ప్రకటించిన జాతీయ పామాయిల్ మిషన్ ప్రత్యేకంగా దృష్టిపెట్టింది ఈశాన్య రాష్ట్రాల మీద, అండమాన్ నికోబార్ దీవుల మీద. దేశంలో మిగిలిన కొద్దిపాటి వర్షారణ్యాల్లో పెద్ద భాగం ఉన్నది అక్కడే. దిగుమతి తగ్గించుకోవాలన్న లక్ష్యం మంచిదే, కానీ అందుకు తోటలు సేద్యపు నేలల్లోనే వెయ్యాలి. పశ్చిమగోదావరిలో చేయగలిగిన పనిని మిజోరం కొండల మీద చేయవలసిన అవసరం ఏమిటో నాకు ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు.

2024లో ఉష్ణమండలంలో 67 లక్షల హెక్టార్ల ఆదిమ అడవి పోయింది. అది తెలంగాణ విస్తీర్ణంలో సగానికి పైగా. అందులో దాదాపు సగం మంటలకే పోయింది. ఒకప్పుడు తడితో నిప్పంటుకోని అడవి అది. మరుసటి ఏడాది నవంబరులో బెలెంలో జరిగిన వాతావరణ సదస్సు సందర్భంగా బ్రెజిల్ ఒక నిధిని ప్రారంభించింది. నిలబడి ఉన్న ఉష్ణమండల అడవికి హెక్టారుకు ఏటా 4 డాలర్ల చొప్పున ఆ దేశానికి చెల్లించాలని, కొట్టిన ప్రతి హెక్టారుకూ అంతకు ఎన్నో రెట్లు కోత పెట్టాలని, వచ్చిన దాంట్లో కనీసం 20 శాతం ఆదివాసులకూ స్థానికులకూ చేరాలని దాని నియమం. నాలుగు డాలర్లు చాలా తక్కువ. అయినా ఇందులో నాకు నచ్చినది, నాటిన మొక్కలను కాకుండా నిలిచిన అడవిని లెక్కించడం.

మన ప్రత్యామ్నాయ అటవీకరణ నియమాల్లో ఇదే మార్పు రావాలని నా వాదన. వర్షారణ్యం విషయంలో మరోచోట నాటడాన్ని పరిహారంగా అంగీకరించే వీలు తీసివేయాలి. కార్బన్ టన్నులతోపాటు ఆ అడవి చుట్టుపక్కల వానకు, వాగులకు ఏమి చేస్తోందో కొలిచి, ఆ కొలతను అనుమతి ఇవ్వకముందే ప్రజల ముందు పెట్టాలి. మన దేశపు అటవీ నివేదికల్లో తోటలనూ సహజారణ్యాలనూ కలిపి ఒకే పచ్చరంగులో చూపడం మాని విడివిడిగా చూపాలి. నికోబార్‌లో పోయే 130 చదరపు కిలోమీటర్లు అప్పుడు పోయినట్టుగానే లెక్కలో కనబడతాయి, హర్యానా మొక్కలు హర్యానా పద్దులోనే ఉంటాయి.